ఇది రచయితకెలా తెలిసింది? జీవితచరిత్రను విప్పి చదివే పద్ధతి

1913 జనవరి 16న మద్రాసు పోర్ట్ ట్రస్ట్ అకౌంట్స్ విభాగంలో పనిచేసే గుమాస్తా ఒకడు కేంబ్రిడ్జిలోని గణితశాస్త్రవేత్త జి.హెచ్. హార్డీకి ఉత్తరం రాశాడు. తన జీతం ఏడాదికి 20 పౌండ్లేనని, వయసు సుమారు 23 అని, యూనివర్సిటీ చదువు లేదని, మామూలు స్కూలు చదువే చదివానని అందులో చెప్పుకున్నాడు. ఆ గుమాస్తా శ్రీనివాస రామానుజన్. ఆయన జీవితం రాసినవాళ్లు ఈ ఉత్తరాన్ని వదలరు. సంతకం ఉంది, తేదీ ఉంది, చెప్పింది సాక్షాత్తూ ఆయనే. ఇంతకంటే గట్టి ఆధారం ఎక్కడ దొరుకుతుంది అనిపిస్తుంది.

ఒక్కొక్క ముక్కా సరిచూద్దాం. రామానుజన్ పుట్టింది 1887 డిసెంబర్ 22న. ఉత్తరం నాటికి 25 నిండాయి. 1912 మార్చిలో పోర్ట్ ట్రస్ట్‌లో చేరినప్పటి జీతం నెలకు 30 రూపాయలు, అంటే ఏడాదికి 360. అప్పటి మారకం పౌండుకు 15 రూపాయలు కనుక 24 పౌండ్లు రావాలి. ఇక చదువు. కుంభకోణం ప్రభుత్వ కాలేజీలో ఎఫ్.ఏ.లో, అంటే అప్పటి ఇంటర్మీడియట్ లాంటి చదువులో, చేరి తప్పారు. మద్రాసు వచ్చి పచ్చయ్యప్ప కాలేజీలో చేరి మళ్లీ తప్పారు. డిగ్రీ లేని మాట నిజమే గాని, కాలేజీలో గడిపిన కాలం ఆ వాక్యంలో ఎక్కడా కనబడదు. పైగా 1911లోనే ఇండియన్ మ్యాథమెటికల్ సొసైటీ పత్రికలో ఆయన వ్యాసం అచ్చయింది.

అంతమాత్రాన ఆయన అబద్ధమాడారని తీర్మానించనక్కర్లేదు. అది అర్జీ. పెద్దవాళ్లకు పెట్టుకునే అర్జీలో మనిషి తన్ను తాను కాస్త చిన్నగా, కాస్త పేదగా చూపించుకోవడం ఆ కాలపు మర్యాద. ఇక్కడ మనం చూడాల్సింది రామానుజన్‌ని కాదు, ఈ ఉత్తరం చేతికొచ్చాక జీవితచరిత్రకారుడు ఏం చేశాడన్నది. 23 అన్న అంకెను కిమ్మనకుండా కథలోకి ఎక్కించేసిన పుస్తకం ఒక రకం. 25 అని దిద్ది, ఉత్తరంలో వేరుగా ఉందని చెప్పకుండా దాటేసింది రెండో రకం. అంకెనూ అసలు వయసునూ పక్కపక్కన పెట్టి, ఈ తేడా ఎందుకు వచ్చి ఉండాలి అని ఒక పేరా ఆలోచించింది మూడోది. మొదటి రచయిత కాగితాన్ని నమ్మాడు, రెండో రచయిత పాఠకుణ్ని నమ్మలేదు. మూడో రకం పుస్తకం దొరికితే మిగతా పేజీలు కాస్త ధీమాగా చదవచ్చు.

జీవితచరిత్రలో పక్షపాతం ఎక్కడుంటుందని అడిగితే చాలామంది విశేషణాల వైపు వేలు చూపిస్తారు. ‘మహోన్నతుడు’, ‘కారణజన్ముడు’ లాంటివి. వాటితో పెద్ద ప్రమాదం లేదు, ఎదురుగానే కనిపిస్తాయి గనుక పాఠకుడు తగ్గించుకుని చదువుకుంటాడు. అసలు మొగ్గు మూడు చోట్ల దాగి ఉంటుంది: ఏ సాక్షి మాట మీద కథ నిలబడిందన్న దగ్గర, ఏ కాలానికి ఎన్ని పేజీలిచ్చారన్న దగ్గర, ఆధారం అయిపోయిన చోట వాక్యం ఏ క్రియతో ముగిసిందన్న దగ్గర.

ఒక మనిషి, ఇద్దరు సాక్షులు

సాక్షుల సంగతికి రామానుజన్‌నే ఇంకొంచెం పట్టుకుందాం. 1927లో అచ్చయిన ఆయన గణిత వ్యాసాల సంపుటి మొదట్లో రెండు జీవిత పరిచయాలున్నాయి. ఒకటి పి.వి. శేషు అయ్యర్, ఆర్. రామచంద్రరావు కలిసి రాసింది. రెండోది హార్డీది. మొదటిదానిలో కనిపించేది నామక్కల్ అమ్మవారి మీద గురి ఉన్న భక్తుడు. హార్డీ రాసినదానిలో మతం ఆచారం మట్టుకే, బుద్ధితో పెట్టుకున్న నమ్మకం కాదు. మతాలన్నీ ఇంచుమించు సమానంగా నిజమే అనిపిస్తాయని రామానుజన్ తనతో అన్నట్టు కూడా హార్డీ రాశారు.

ఇద్దరిలో ఎవరు నిజం చెప్పారు అని అడగడం దగ్గరే విశ్లేషణ దారి తప్పుతుంది. ముందు అడగాల్సింది, ఆ సాక్షి ఆ మనిషిని ఏ గదిలో, ఏ భాషలో, ఏ అవసరం మీద చూశాడు అని. రామచంద్రరావు అప్పుడు నెల్లూరు కలెక్టరు, మ్యాథమెటికల్ సొసైటీ కార్యదర్శి. సాయం కోసం వచ్చిన యువకుణ్ని చూశారు. మాసిన మనిషి, మెరిసే కళ్లు, చంకలో చిరిగిన నోటుబుక్కు అంటూ ఆయన గీసిన బొమ్మ ఇప్పటికీ ప్రతి పుస్తకంలోకీ నడిచి వస్తూనే ఉంది. హార్డీ చూసింది ఇంగ్లండులో తోటి గణితజ్ఞుణ్ని. హార్డీ స్వయంగా నాస్తికుడు. నాస్తికుడైన గురుతుల్యుడి ముందు అమ్మవారి ప్రస్తావన ఎవరైనా ఎంతవరకు తెస్తారు? అలాగే, నమ్మకం ఉన్న పెద్దల ముందు అనుమానాలు ఎంతవరకు బయటపెడతారు? ఇద్దరు సాక్షులూ విన్నది విన్నట్టే రాసి ఉండవచ్చు. తర్వాత వచ్చిన జీవితచరిత్రల్లో కలలో సూత్రాలు చెప్పిన దేవత కథకు ఎన్ని పేజీలు, హార్డీ వాక్యానికి ఎన్ని పంక్తులు అన్నది లెక్క చూస్తే ఆ రచయిత ఏ సాక్షి పక్కన కూర్చున్నాడో తేలుతుంది.

ఇంకో ఉదాహరణ 1729. లండన్ పట్నీలో జబ్బుగా ఉన్న రామానుజన్‌ని చూడటానికి హార్డీ ఆ నంబరు టాక్సీలో వెళ్లడం, ఏ విశేషమూ లేని సంఖ్య అనడం, రెండు ఘనాల మొత్తంగా రెండు విధాల రాయగలిగిన అతి చిన్న సంఖ్య అదేనని రామానుజన్ జవాబివ్వడం అందరికీ తెలుసు. 1, 12 ఘనాలు కలిపినా 1729 వస్తుంది, 9, 10 ఘనాలు కలిపినా అదే. ఈ కథకు సాక్షి ఒక్కరే, హార్డీ. అచ్చులోకి వచ్చింది రామానుజన్ పోయాక. కథ అబద్ధమని అనుమానించే పని లేదు. గమనించాల్సిన సంగతి వేరే ఉంది. రామానుజన్ రాతప్రతుల్లో ఇదే కోవ సమీకరణాలు కనిపిస్తాయి. ఆ సంగతి చెప్పిన పుస్తకంలో టాక్సీ కథ, ఏళ్ల తరబడి అంకెలతో కాపురం చేసిన మనిషి చటుక్కున గుర్తు తెచ్చుకోవడం అవుతుంది. చెప్పకుండా వదిలేసిన పుస్తకంలో అద్భుతం అవుతుంది. సంఘటన ఒకటే. పక్కన ఏ కాగితం పెట్టారన్నదాన్ని బట్టి మనిషి మారిపోయాడు.

చావు అధ్యాయాన్ని కూడా ఇలాగే చూడాలి. రామానుజన్ 1920 ఏప్రిల్ 26న చెట్‌పట్‌లో 32 ఏళ్లకే కన్నుమూశారు. ఇంగ్లండులో డాక్టర్లు ప్రధానంగా క్షయ అనుకుని వైద్యం చేశారు. 1994లో డి.ఎ.బి. యంగ్ అనే పరిశోధకుడు పాత వివరాలన్నీ మళ్లీ పరిశీలించి, అది కాలేయానికి పాకిన అమీబియాసిస్ (అమీబా వల్ల పేగుల్లో మొదలయ్యే జబ్బు) అయి ఉండవచ్చని వాదించారు. క్షయ అనుకుంటే తప్పు ఇంగ్లండు చలిదీ, యుద్ధకాలపు తిండి కొరతదీ. అమీబియాసిస్ అనుకుంటే జబ్బు మూలం ఆయన ఓడ ఎక్కకముందే మద్రాసులో ఉండి ఉండవచ్చు. కాబట్టి ఆ అధ్యాయం తెరిచే ముందు పుస్తకం ఏ ఏడు అచ్చయిందో చూసుకోవాలి. పాత పుస్తకానికి తెలియని దాన్ని అది చెప్పలేదని తప్పుపట్టడం అన్యాయం. కొత్త పుస్తకం చెప్పకపోతే మాత్రం అడగవచ్చు.

పేజీల లెక్క

పెన్సిలు పట్టుకుని చేసే పని ఇది. ఒక తెల్ల కాగితం మీద రెండు గళ్లు గీయండి. ఎడమ వైపు ఆ మనిషి జీవితాన్ని ఐదేసి ఏళ్ల ముక్కలుగా రాయండి, కుడి వైపు ఒక్కో ముక్కకు పుస్తకంలో దొరికిన పేజీలు. ముందుమాటలు, ఫొటోలు, అనుబంధాలు లెక్కలోకి తీసుకోవద్దు. 300 పేజీల పుస్తకానికి గంట పడుతుంది. ఆ గంటలో తేలేది పుస్తకం రెండుసార్లు చదివినా తేలదు.

పొట్టి శ్రీరాములును తీసుకుందాం. 1901 మార్చి 16న మద్రాసు జార్జ్‌టౌన్‌లో పుట్టారు. మైలాపూర్‌లో బులుసు సాంబమూర్తి ఇంట్లో 1952 అక్టోబర్ 19న దీక్ష మొదలుపెట్టి, డిసెంబర్ 15 రాత్రి ప్రాణం వదిలారు. మొదటి రోజు, చివరి రోజు కలుపుకుంటే 58 రోజులు. మొత్తం బతికింది సుమారు 18,900 రోజులు. దీక్ష వాటా నూటికి 0.3. ఇప్పుడు 200 పేజీల పుస్తకంలో దీక్షకు 80 పేజీలు ఇచ్చారనుకుందాం. అంటే నూటికి 40. ఇది తప్పా? కానక్కర్లేదు. పాఠకుడు ఆ పుస్తకం కొన్నదే ఆ 58 రోజుల కోసం. డిసెంబర్ 19న నెహ్రూ ప్రకటన, 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం, అన్నీ ఆ గది నుంచి వచ్చినవే.

తేడా వచ్చేది మిగిలిన 120 పేజీల్లో. బొంబాయిలో రైల్వే ఉద్యోగం, సబర్మతి ఆశ్రమం, నెల్లూరులో మూలాపేట వేణుగోపాలస్వామి గుడిలోకి హరిజనుల ప్రవేశం కోసం 1946లో చేసిన దీక్ష, వీటిని ఎలా రాశారు? ఎక్కువ పుస్తకాల్లో ఇవన్నీ 1952కు రిహార్సల్ అయిపోతాయి. ‘రాబోయే మహాత్యాగానికి ఇది నాంది’ అన్న తరహా వాక్యం పట్టుకోండి, దొరికిపోతుంది. 1946లో నిరాహారంగా కూర్చున్న మనిషికి 1952 సంగతి తెలియదు. ఆయన అడిగింది గుడి తలుపు తెరవమని. ఆ అధ్యాయం చివర మనకు తెలియాల్సింది తలుపు తెరిచారా, ఎవరు అడ్డుపడ్డారు, ఎవరు ఒప్పుకున్నారు అన్నది. భవిష్యత్తును వెనక్కి లాక్కొచ్చి పాత రోజుల మీద పరిచేస్తే ఆ రోజుల్లోని గొడవ, అనుమానం, ఓడిపోయే అవకాశం మాయమవుతాయి. సంస్కర్త అంచెలంచెలుగా అమరజీవి అయిపోతాడు, మధ్యలో మనిషి కనపడడు.

ఇదే అధ్యాయాల్లో ఇంకో జారుడు చోటు. భార్య, బిడ్డ పోయారు, ఉద్యోగం వదిలేశారు, గాంధీ దగ్గరకు వెళ్లారు. ఇది వరస. ‘ఆ దుఃఖమే ఆయన్ని ఆశ్రమానికి నడిపించింది’ అనేది కారణం. వరసకు తేదీలు చాలు. కారణానికి ఆయన నోటి మాటో, ఉత్తరమో, దగ్గరివాళ్ల సాక్ష్యమో కావాలి. పుస్తకం అది చూపించిందా? చూపిస్తే సంతోషమే. చూపించకుండా రాస్తే, ఒకదాని తర్వాత ఒకటి జరిగినందుకే ఒకదాని వల్ల ఒకటి జరిగిందని రచయిత ముడివేశాడన్నమాట. మన జీవితచరిత్రల్లో సగం కారణాలు ఇలా పుట్టినవే.

పేజీల లెక్కలో ఇంకో రకం వంకర, రచయితకూ ఆ మనిషికీ పరిచయం ఎప్పుడు మొదలైందన్న దాని వల్ల వస్తుంది. ఇంగ్లిషులో పేరుమోసిన శామ్యూల్ జాన్సన్ జీవితచరిత్రను 1791లో అచ్చువేసిన బాస్వెల్, ఆయన్ని మొదట కలిసింది 1763లో. అప్పటికి జాన్సన్‌కు 53 ఏళ్లు. పుస్తకంలో సింహభాగం ఆ తర్వాతి 21 ఏళ్లదే. శిష్యుడు రాసిన గురువు కథ, సెక్రటరీ రాసిన నాయకుడి కథ, మేనేజరు రాసిన నటుడి కథ, అన్నిటిలోనూ ఇదే జరుగుతుంది. రచయిత గదిలోకి అడుగుపెట్టిన రోజు నుంచి కథ వెడల్పవుతుంది. అందుకని పరిచయమైన తేదీ ముందు వెతికి, ఆ పేజీలో ఒక గుర్తు పెట్టుకుని, దానికి ముందూ వెనకా వేర్వేరు పుస్తకాల్లా చదవడం మేలు.

మొదలు ఎక్కడ అన్నది కూడా ఇందులో భాగమే. హార్డీకి ఉత్తరం అందిన రోజుతో మొదలైన రామానుజన్ కథలో కనుగొన్నవాడు హార్డీ. కుంభకోణంలో తల్లి కోమలతమ్మాళ్‌తో మొదలైతే నిలబెట్టింది తల్లి. పోర్ట్ ట్రస్ట్ ఆఫీసుతో మొదలైతే, 1913 మేలో మద్రాసు యూనివర్సిటీ నెలకు 75 రూపాయల స్కాలర్‌షిప్ ఇచ్చేదాకా వెంటపడ్డ స్నేహితులూ పైఅధికారులూ ముందుకొస్తారు. మూడూ నిజాలే. మొదటి పేజీ ఎవరికి ఇచ్చారో చూడండి.

వాక్యం చివర ఏముంది

తెలుగులో రాసే జీవితచరిత్రకు ఒక సౌకర్యం ఉంది, రచయితలు సరిగ్గా వాడరు. చూసిందానికీ విన్నదానికీ ఊహించినదానికీ మన క్రియ వేర్వేరు తోకలు తగిలిస్తుంది. వెళ్లారు, వెళ్లారట, వెళ్లి ఉంటారు, వెళ్లారు కాబోలు. ఈ నాలుగింటిని నిజాయితీగా వాడిన రచయితకు సగం ఫుట్‌నోట్లు అక్కర్లేదు.

పరీక్ష ఇలా చేయాలి. ఏదో ఒక అధ్యాయం ఎంచుకుని మనసుకు సంబంధించిన క్రియలన్నిటి కిందా గీత గీయండి: అనుకున్నారు, కుమిలిపోయారు, నిశ్చయించుకున్నారు, గర్వపడ్డారు. ఒక్కోదాని పక్కన మార్జిన్‌లో ఒక గుర్తు. ఉత్తరమో డైరీయో ఆధారం ఉంటే ‘ఉ’. ఎవరైనా చూసి చెప్పిందైతే ‘సా’. ఏదీ లేకపోతే ‘ఊ’, ఊహ. అధ్యాయంలో ‘ఊ’లు సగం దాటితే మీరు చదువుతున్నది నవల. నవల రాయడం తప్పేమీ కాదు, అట్ట మీద జీవితచరిత్ర అని వేయడమే తప్పు.

ఎక్కువగా జరిగే మోసం, చాలాసార్లు తెలియకుండానే జరిగేది, ఊహ మెల్లగా వాస్తవంగా గట్టిపడటం. 20వ పేజీలో ‘అవమానంగా తోచి ఉండవచ్చు’ అని ఉంటుంది. 45కి వచ్చేసరికి ‘ఆ అవమానాన్ని మరువలేదు’. 110లో ‘చిన్ననాటి ఆ అవమానమే ఈ నిర్ణయానికి మూలం’. మధ్యలో కొత్త కాగితం ఏదీ దొరకలేదు, రచయితకు తన వాక్యమే అలవాటైంది. ఇలాంటి ఒక్క దారాన్ని పుస్తకం పొడుగునా పట్టుకుని వెనక్కి లాగితే మొత్తం అల్లిక ఎంత గట్టిదో తెలిసిపోతుంది.

గౌరవవాచకాల లెక్క ఇంకా ఆసక్తిగా ఉంటుంది. ఇంగ్లిషులో ఒకే సర్వనామంతో పని జరిగిపోతుంది గాని, తెలుగులో రచయిత ప్రతి వాక్యంలోనూ ఒక హోదా ఇచ్చి తీరాలి. వాడు, అతను, ఆయన, వారు. ఐదేళ్ల పిల్లాణ్ని ‘వారు బడికి వెళ్లనని మారాం చేశారు’ అని రాసిన పుస్తకం బాల్యాన్ని రాయలేదు, విగ్రహానికి చిన్న సైజు పోత పోసింది. కొంచెం తెలివైన రచయిత చిన్నప్పుడు ‘అన్నాడు’ అని రాసి, ఒక చోట ‘అన్నారు’కు మారతాడు. ఆ మారిన పేజీ వెతకండి. మొదటి జీతమా, పెళ్లా, జైలా, మొదటి పుస్తకమా? మనిషి ఎక్కడ పెద్దవాడయ్యాడని రచయిత అనుకుంటున్నాడో అక్కడ దొరుకుతుంది. ఈ వ్యాసం మొదటి పేరాలోనే పోర్ట్ ట్రస్ట్ గుమాస్తా ‘రాశాడు’, పేరు తెలిశాక ‘ఆయన’ అయ్యారు. మీరు గమనించకుండా దాటి ఉంటే, జీవితచరిత్రల్లోనూ అలాగే దాటుతున్నారన్నమాట.

భార్యల సంగతి కూడా ఇక్కడే బయటపడుతుంది. ‘ఆయన ఉపన్యసించారు, ఆమె వండిపెట్టింది.’ ఒకే వాక్యంలో ఒకరికి బహువచనం, ఒకరికి ఏకవచనం. రచయితకు దురుద్దేశం ఉండకపోవచ్చు, భాష అలవాటు. అయినా 300 పేజీల పొడుగునా అలా సాగితే ఇంట్లో ఎవరి జీవితం చరిత్ర, ఎవరిది వంటిల్లు అన్న తీర్పు వ్యాకరణమే ఇచ్చేసినట్టు. రామానుజన్ భార్య జానకి ఆయన తర్వాత 74 ఏళ్లు బతికారు, ఎక్కువ కాలం ట్రిప్లికేన్‌లో, 1994 దాకా. ఆ 74 ఏళ్లకు ఏ పుస్తకం ఎన్ని పేజీలిచ్చిందో చూడటం మంచి కసరత్తు.

సంభాషణలను అనుమానంగానే చూడాలి. చెన్నైలో బతికిన తెలుగువాళ్ల కథల్లో మరీను. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, ఆఫీసులో ఇంగ్లిషు. పుస్తకంలోకి వచ్చేసరికి అందరూ కొటేషన్ మార్కుల మధ్య చక్కటి అచ్చు తెలుగు మాట్లాడుతుంటారు. కోడంబాక్కం స్టూడియోలో తమిళ నిర్మాతతో జరిగిన పేచీ ఏ భాషలో జరిగింది? కొటేషన్‌లో ఉన్నవి ఆయన మాటలా, నలభై ఏళ్ల తర్వాత ఇంటర్వ్యూలో ఎవరో గుర్తుచేసుకున్న సారాంశమా? సినిమావాళ్ల జీవితాలు ఎక్కువగా ఇలాంటి జ్ఞాపకాల మీదే కట్టినవి. ఒక సాయం మాత్రం ఉంది: సినిమాలకు విడుదల తేదీలుంటాయి, పేపర్లలో ప్రకటనలుంటాయి. ‘ఆ సినిమా ఆడుతుండగా ఈ ఉత్తరం వచ్చింది’ అంటే సరిచూడవచ్చు. మద్రాసులో 1914 నుంచి ఆంధ్రపత్రిక దినపత్రికగా, 1938 నుంచి ఆంధ్రప్రభ వచ్చేవి. ఆ పాత సంచికలు పక్కన పెట్టుకుంటే చాలా మధుర స్మృతులకు ఒకటి రెండేళ్ల తేడా కనిపిస్తుంది. జ్ఞాపకంలో సంఘటన మిగులుతుంది, సంవత్సరం జారిపోతుంది.

పుట్టినతేదీ తిరకాసు

తేదీల్లో ఎక్కువ తప్పులు పుట్టినరోజు దగ్గరే. ముందుతరం వాళ్లకు జాతకం మీద ఒక తేదీ, స్కూలు రికార్డులో ఒక తేదీ ఉండటం మామూలు. ఉద్యోగ వయసు కలిసొస్తుందని, లేదా బడిలో చేర్చుకునే పంతులుగారికి తోచిందని వేసిన తేదీలే ఎక్కువ. జూన్, జూలై ఒకటో తేదీ పుట్టినవాళ్లు అంతమంది ఉండటానికి కారణం అదే.

జాతకం చూసి లెక్కకట్టే రచయిత పడే గొయ్యి వేరు. అరవై సంవత్సరాల పేర్లు మళ్లీ మళ్లీ వస్తాయి కాబట్టి ఒక చక్రం తప్పితే ఏకంగా 60 ఏళ్ల తేడా. అంత పెద్ద తప్పు ఎవరైనా పట్టేస్తారు. చిన్నది పట్టరు. సంవత్సరం ఉగాదితో మారుతుంది, జనవరితో కాదు. 1901లో ఉగాది మార్చి 21న వచ్చింది. మార్చి 16న పుట్టిన శ్రీరాములు శార్వరి సంవత్సరంలో పుట్టినట్టు. శార్వరి అంటే 1900 అని చూసుకుని అదే రాసేస్తే ఒక ఏడు పోయింది. చెన్నైలో ఇంకో మెలిక. తమిళ పంచాంగంలోనూ అవే అరవై పేర్లు, కానీ కొత్త సంవత్సరం ఏప్రిల్ మధ్యలో సౌరమానం ప్రకారం మొదలవుతుంది. ఉగాదికీ ఏప్రిల్ 14కూ మధ్య పుట్టిన బిడ్డకు తెలుగు సిద్ధాంతి ఒక సంవత్సరం పేరు వేస్తాడు, తమిళ జోస్యుడు అంతకు ముందుది వేస్తాడు. తరాలుగా ఇక్కడే ఉన్న తెలుగు ఇళ్లలో జాతకం ఎవరు రాశారో తెలియకుండా తేదీ తేల్చకూడదు. ఒక పుస్తకంలో పుట్టిన సంవత్సరం ఒకటీ, ఫలానా వయసులో ఫలానాది జరిగిందన్న లెక్క ఇంకొకటీ అయితే, ముందు అనుమానించాల్సింది దీన్నే.

సరిచూడటానికి

ఇంత శ్రమ ప్రతి పుస్తకానికీ పడనక్కర్లేదు. మూడు వాక్యాలు ఎంచుకోండి, కథ ఎక్కువగా ఆనుకున్నవి. వాటి మూలం దాకా వెళ్లండి. చెన్నైలో ఉన్నవాళ్లకు ఇది మరీ కష్టం కాదు. ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో మద్రాసు ప్రెసిడెన్సీ ప్రభుత్వ కాగితాలున్నాయి. 1953కు ముందు ఆంధ్ర జిల్లాల పాలన ఇక్కడి నుంచే సాగింది కనుక మన స్వాతంత్ర్య సమరయోధుల జైలు కాగితాలు, పోలీసు రిపోర్టులు వెతకాల్సిన చోటు అదే. అదే ఎగ్మూరులో, 1896లో తెరిచిన కన్నెమరా లైబ్రరీ ఉంది. 1954 చట్టం ప్రకారం దేశంలో అచ్చయిన ప్రతి పుస్తకం ఒక కాపీ అక్కడికి చేరాలి. ఆంధ్రలో అచ్చయిన తెలుగు పుస్తకాల పాత ముద్రణలు దొరికే అవకాశం అందుకే ఎక్కువ.

ముద్రణలు పోల్చడం వల్ల మామూలుగా ఎవరూ చెప్పనివి బయటపడతాయి. మొదటి ముద్రణలో ఉన్న ఒక పేరు రెండోదానిలో ‘ఒక మిత్రుడు’ అయిపోతుంది. ఒక పేరా మాయమై, ఆ ఖాళీ పూడ్చడానికి పక్క పేరా సాగుతుంది. ఒక ఫొటోలో మనుషులు తగ్గుతారు. రెండు కాపీలూ పక్కపక్కన పెట్టుకుని అధ్యాయం మొదలు, చివర, ఫొటోల కింది రాతలు చూస్తే చాలు, మార్పులు ఎక్కువగా అక్కడే ఉంటాయి.

ఆ మార్పులు ఎందుకు జరుగుతాయో తెలియాలంటే డబ్బు, అనుమతి, చట్టం చూడాలి. షష్టిపూర్తికో శతజయంతికో కుటుంబం అచ్చు వేయించిన పుస్తకాలు మన దగ్గర చాలా ఎక్కువ. కృతజ్ఞతల పేజీ ముందు చదవండి. ఉత్తరాలు ఎవరిచ్చారు, ఫొటోలు ఎవరివి, ముద్రణ ఖర్చు ఎవరిది? పెద్దకొడుక్కి కృతజ్ఞతలుండి చిన్నకొడుకు పేరే లేకపోతే, కథలో చిన్నకొడుకు ఎలా కనిపిస్తున్నాడో రెండోసారి చూడాలి.

చట్టం విషయంలో ముఖ్యమైన తీర్పు మద్రాసు కేసులోనే వచ్చింది. మరణశిక్ష పడి జైల్లో ఉన్న ఆటో శంకర్ ఆత్మకథను నక్కీరన్ పత్రిక అచ్చు వేయబోతే అధికారులు అడ్డుపడ్డారు. ఆర్. రాజగోపాల్ కేసుగా పేరుపడ్డ ఆ వివాదంలో 1994 అక్టోబర్ 7న సుప్రీంకోర్టు తరఫున జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి తీర్పు రాశారు. పబ్లిక్ రికార్డుల్లో ఉన్నంతవరకు ఒక మనిషి జీవితకథను అతని అనుమతి లేకుండా కూడా అచ్చు వేయవచ్చు. రికార్డు దాటి సొంత జీవితంలోకి వెళితే గోప్యత హక్కును భంగపరిచినట్టు కావచ్చు, ఫలితం అనుభవించాల్సి రావచ్చు. పరువు పోతుందన్న భయంతో అధికారులు ముందుగానే ప్రచురణ ఆపలేరు, అచ్చయ్యాక కోర్టుకు వెళ్లవచ్చు. బతికున్నవాళ్ల మీద వచ్చే పుస్తకాలు కేసులు, పదవులు, అవార్డుల దగ్గర వివరంగా ఉండి, ఇంటి గడప దగ్గర ఆగిపోవడానికి ఈ గీత ఒక కారణం. చనిపోయినవారి గురించి రాసినా, కుటుంబాన్ని నొప్పించాలన్న ఉద్దేశం రుజువైతే అది పరువునష్టం కిందకు రావచ్చు.

ఉత్తరాల్లో ఇంకో పేచీ ఉంది. కాగితం అందుకున్నవారిది, మాటల మీద హక్కు రాసినవారిది, వారి తర్వాత వారసులది. రచయిత చేతిలో ఉత్తరం ఉన్నా, మక్కికి మక్కి అచ్చు వేయడానికి వారసులు ఒప్పుకోకపోతే సారాంశం మాత్రం చెప్పి ఊరుకుంటాడు. ఆ సారాంశాలు గుర్తుపట్టడం తేలికే. అప్పటిదాకా ఉత్తరాల్లోంచి వాక్యాలు ధారాళంగా ఎత్తి చూపిస్తున్న పుస్తకం ఒక్కసారిగా ‘ఈ కాలంలో ఆయన రాసిన ఉత్తరాలను బట్టి’ అని మొదలుపెట్టి, ఒక్క కొటేషన్ లేకుండా రెండు మూడు పేజీలు నడుస్తుంది. అక్కడ పెన్సిలుతో గుర్తు పెట్టి, ఆ ఉత్తరం ఎవరికి రాసిందో, ఇప్పుడు ఎవరి దగ్గరుందో కృతజ్ఞతల పేజీలో వెతకండి.